పిల్లలకు పెద్దకథలు చదివి వినిపింపుడు

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల పట్టణములలో నేడు బడిపిల్లల చదువు చాలవఱ కాంగ్లముననే సాగుచున్నది. ప్రైవేటు పాఠశాలలలో నిది చిరకాలముగా నున్నదే. ప్రభుత్వ పాఠశాలలలోను 2022-23 విద్యాసంవత్సరమునుండి 1 మొదలు 8వ తరగతి వఱకు ఆంగ్లమాధ్యమము ప్రవేశపెట్టబడినది. దాని మంచిచెడ్డలను విచారించుట నేటి మా యుద్దేశము కాదు. తెలుగునకు స్థానము లేకపోలేదు. 2018 నాటి చట్టము 10వ తరగతి వఱకు దానిని తప్పనిసరి పాఠ్యవిషయముగా జేసినది. కాని పాఠ్యవిషయమైనంత మాత్రమున భాష యబ్బునా? పదముల కర్థములు వల్లించి పరీక్ష గట్టెక్కిన బాలుని చేతికొక కథాపుస్తక మిచ్చి చూడుడు. రెండవ పుట తిప్పకమునుపే పుస్తకము మూయును. వానికి కథయందు రుచి లేక కాదు, వాక్యము వెంట బరుగెత్తుటకు వాని కన్ను చాలక.

కన్ను చాలనిచోట చెవి చాలును. ప్రతిదినము రాత్రి యరగంట, ఇంటిలో చదువు వచ్చిన వారెవరైనను సరే, పిల్లలను గూర్చుండబెట్టుకొని పెద్దకథ నొకదానిని బిగ్గరగా జదివి వినిపింపవలెనని మేము కోరుచున్నాము. పెద్దకథ యన నరపుటలో ముగిసి, చివర నీతిని దగిలించుకొని వచ్చు నక్కకథ కాదు. నెలల తరబడి సాగునది. రాజ్యములు, అరణ్యములు, మాంత్రికులు, శాపములు, సముద్రయానములు గలది. నిన్న నెచ్చట నాగినదో పిల్లలే గుర్తు చేయునది.

అట్టి గ్రంథములు మనకు లేవా? మధిర సుబ్బన్న దీక్షితులుగారి 'కాశీమజిలీ కథలు' పండ్రెండు భాగములు. మణిసిద్ధుడను యతి కాశికి బోవుచు నొక గొల్లపిల్లవానిని దోడు దీసికొనును. మజిలీ మజిలీకి కథ చెప్పవలెననునదే యా పిల్లవాడు పెట్టిన నియమము. దారిలో వాడొక వింత చూచి యడుగును, సిద్ధుడు చెప్పును. ఆ కథలో మఱియొక కథ పుట్టును. ఇంతటి బృహద్గ్రంథమునకు బునాది పిల్లవాని ప్రశ్న యనుట మనవారు మఱచినారు. శృంగారము పాలు హెచ్చుగా నున్న ఘట్టములందు లేకపోలేదు. చదువువారు ముందుగా జూచికొని దాటవేయవచ్చును. గ్రాంథికము కఠినముగా దోచినచో వాక్యము చదివి మన యూరి మాటలో విప్పి చెప్పవచ్చును. పూర్వము పురాణకాలక్షేపములలో నొకరు పద్యము చదువ వేఱొకరర్థము చెప్పుచుండిరి గదా!

ఇంతకన్న సులభమైన మార్గము కూడ గలదు. 1947 జూలైలో బుట్టిన 'చందమామ' మాసపత్రికలో 1954లో 'తోకచుక్క' యను ధారావాహిక యారంభమైనది. తరువాత 'మకరదేవత', 'ముగ్గురు మాంత్రికులు', 'కంచుకోట', 'జ్వాలాద్వీపం', 'రాకాసిలోయ', 'పాతాళదుర్గం', ఇట్లు పరంపరగా వెలువడినవి. వీనిని రచించినవారు దాసరి సుబ్రహ్మణ్యంగారు. నెలనెలా లక్షలమంది పిల్లలచే నూపిరి బిగబట్టించిన యీ మహాశయుని పేరు పెక్కేండ్లు పాఠకులకు దెలియనే తెలియదు! చిత్రాగారి బొమ్మలు చూచినవా రా ఖడ్గములను, ఆ కోటగుమ్మములను నేటికిని మఱువలేదు. వాక్యము చిన్నది, మాట తేట, ప్రతి భాగము చివర నొక యాపద. పది నిమిషములలో నొక భాగము ముగియును. పత్రిక యాగిపోయినను, ఈ ధారావాహికలలో గొన్ని పుస్తకరూపమున వచ్చినవి. పాత సంచికలు పలువురి సెల్‌ఫోనులలో నున్నవి.

అద్భుతకథ వినుట మన ప్రాంతమునకు గ్రొత్త యాచారము కాదు. పద్మశాలీల కొఱకు కూనపులివారు చిత్రపటమును విప్పి మార్కండేయ పురాణము చెప్పుచుండిరి. అందు భావనాఋషి పులినెక్కి కాలవాసురునితో దలపడును; దేవతలకు వస్త్రము నేయుట యందు భాగము. సిరిసిల్లలో సాంచెల నడుమ బెరుగు బాలు రెందఱీ కథను వినియుందురు? తమ కులవృత్తికి మూలపురుషుడొకడు పులిపై స్వారిచేసినాడని తెలియని బాలునికి, విదేశపు మాంత్రిక బాలుని కథలు మాత్రము చలనచిత్రములలో గంఠస్థము. ఆ కథలు వినవలదని మే మనము. వానితోపాటు మనవి కూడ వినవలెనని యందుము.

వేములవాడ సమీపమునందలి హనుమాజీపేటలో 1931లో బుట్టిన సి. నారాయణరెడ్డిగారు బడిలో జదివినది ఉర్దూ మాధ్యమము. బాల్యమున నూరిలో విన్న హరికథలు, జంగమకథలు, జానపద గేయములే వారికి దొలి తెలుగు బడి యైనవి. వారికే 1988లో జ్ఞానపీఠ పురస్కారము లభించినది. వారు పాటలు వ్రాసిన తొలి చలనచిత్రము 1962 నాటి 'గులేబకావళి కథ', అదియు నద్భుతకథయే! బడి భాష వేఱైనను ఇంట, వీధిని విన్న భాష మనుష్యుని నిలబెట్టగలదనుటకు దూరమేగ నక్కఱలేదు.

ఇవి యబద్ధపు కథలు, పిల్లలకు మూఢనమ్మకములు నేర్పునని కొందఱు పెద్దలందురు. అయిదేండ్ల పిల్లవాడు సైతము కథ వేఱు, వీధి వేఱు అని యెఱుగును. పిల్లలు జడిసికొందురని మఱికొందఱి భయము. తల్లి ప్రక్కన గూర్చుండి రాక్షసుని గూర్చి విన్న బాలుడు భయమును, అది తీరుటను గూడ నొక్క రాత్రిలోనే యనుభవించును. ఇంగ్లండులో టోల్కీన్ యను ఆచార్యుడు తన బిడ్డలకు జెప్పిన కథయే 1937లో 'హాబిట్' అను గ్రంథమైనది. అంతటి భాషాశాస్త్రజ్ఞుడు పిల్లలకు మరుగుజ్జుల కథ, డ్రాగన్ కథ చెప్పుట కాలహరణ మనుకొనలేదు. మన గుమాస్తాలకు, వర్తకులకు మాత్రమది చిన్నతనముగా దోచుట వింత.

నిజమైన చిక్కు వేఱొకటి గలదు. చదువువా రెవరు? సిరిసిల్లలో తండ్రి రాత్రిపాలికి సాంచెల మీదికి బోవును. జగిత్యాల, కోరుట్ల ప్రాంతములలో నెందఱో తండ్రులు దుబాయిలోనో, మస్కటులోనో యున్నారు. ఇంట తల్లి యొడిలో చాట పెట్టుకొని తునికాకు కత్తిరించి బీడీలు చుట్టుచుండును. వెయ్యి నిండనిదే లేవ వీలులేదు. ఈ తల్లికి బుస్తకము పట్టుమని చెప్పుట యెగతాళి యగును. కాని చేతులకు బని యున్నంత మాత్రమున జెవులకు బని లేదు. క్యూబా దేశమున చుట్టల కర్మాగారములలో 1865 నుండియు నొకడు పీఠముపై గూర్చుండి పత్రికలు, నవలలు చదువుచుండ దక్కినవారు వినుచు జుట్టలు చుట్టుట యాచారము. ఆ చదువరికి వేతనము కార్మికులే తమ కూలినుండి యిచ్చిరి. డ్యూమా నవలపేరున నచ్చటి చుట్ట కొకదానికి 'మాంటిక్రిస్టో' యని పేరు వచ్చినది. కేరళమున కన్ననూరు ప్రాంతపు బీడీ కార్మికులును ఇట్లే చదివించుకొని వినినారు. అక్కడ గర్మాగారమున జరిగినది మన యింట నేల జరుగరాదు? పదేండ్ల బిడ్డ చదువును, చెల్లెలు వినును, తల్లి చుట్టును. బిడ్డ తడబడినచోట తల్లి సవరించును. ఆమెకు జదువు రాకపోయినను మాట వచ్చును గదా.

దూరదేశముననున్న తండ్రికి మార్గము లేకపోలేదు. కోరుట్లలో రాత్రి 8 గంటలైనపుడు దుబాయిలో 6.30. ఫోనులో "తిన్నావా, చదువుకుంటున్నావా" యను రెండు ప్రశ్నలతో మాట తెగిపోవుచున్నదని యా తండ్రులే వాపోవుదురు. ఒక ప్రతి యక్కడ, ఒక ప్రతి యిక్కడ నుంచుకొని దినమునకు రెండు పుటలు చదివినచో, తండ్రి గొంతు తిట్లకును, పైకము లెక్కకును మాత్రమే పిల్లలకు గుర్తుండక, కంచుకోట ముట్టడితో గలిసి గుర్తుండును.

ఇక గ్రంథాలయముల మాట. 1960 నాటి చట్టము ననుసరించి యింటిపన్నులో రూపాయికి 8 పైసల చొప్పున గ్రంథాలయపు సెస్సు మనమే కట్టుచున్నాము. నేడు మన పఠనమందిరములలో నెక్కువగా గనబడువారు పోటీపరీక్షల యభ్యర్థులు. వారిని లేవగొట్టవలెనని మే మనము. ఉద్యోగము లేని యువకునికి నీడయు, బల్లయు, దీపమును దొరకుచున్నందుకు సంతోషమే. కాని వారమున కొక్క సాయంకాలము, ఆదివారము నాలుగు మొదలైదు గంటల వఱకు, వరండాలో నొక చాప పఱచి, విశ్రాంత ఉపాధ్యాయు నొకరిని బిలిచి, పిల్లలకు ధారావాహికగా నొక పెద్దకథ చదివింపరాదా? దీనికి గ్రొత్త భవనమక్కఱలేదు, ప్రభుత్వపుటుత్తరువు కొఱకు వేచియుండ నక్కఱలేదు. మూడు పట్టణముల గ్రంథపాలకులును ముందుగా 'తోకచుక్క' ప్రతులు రెండేసి సంపాదింతురు గాక. ఒకటి చాపమీదికి, ఒకటి యింటికి బట్టుకొనిపోవు పిల్లలకు. రెండవది చిరిగి తిరిగివచ్చినచో గ్రంథపాలకులు కోపింపవలదని మా ప్రార్థన.