హైడ్రోజన్ లారీకి ఎండ గండం.. చిక్కంతా ఆ పల్చటి పొరలోనే!

గ్రీన్ హైడ్రోజన్ అనగానే కిలో ఎంత పడుతుంది, ప్లాంట్ ఎక్కడ పెడతారు.. చర్చంతా దీని మీదే. కేంద్రం 2023 జనవరిలో రూ.19,744 కోట్లతో జాతీయ గ్రీన్ హైడ్రోజన్ మిషన్‌కు ఓకే చెప్పింది. 2030 నాటికి ఏడాదికి 50 లక్షల టన్నులు తయారుచేయాలన్నది టార్గెట్. సరే, గ్యాస్ వచ్చిందనే అనుకుందాం. దాన్ని కరెంటుగా మార్చే ఫ్యూయల్ సెల్ మన ఎండలకు ఆగుతుందా?

ఫ్యూయల్ సెల్ మధ్యలో కవరు కాగితంలాంటి ఓ పొర ఉంటుంది. అదే మెంబ్రేన్. ఒకవైపు హైడ్రోజన్, ఇంకోవైపు గాలి. ఈ పొర ప్రోటాన్లనే దాటనిస్తుంది. ఎలక్ట్రాన్లు వైరు గుండా చుట్టూ తిరిగి రావాల్సిందే. మనకు దొరికే కరెంటు అదే. ఇప్పుడు ఎక్కువగా వాడేది 1960ల్లో అమెరికా కంపెనీ డ్యూపాంట్ తెచ్చిన నాఫియాన్ రకం. దీనికి ఎప్పుడూ తడి ఉండాలి. ఆరిపోతే పని ఆగినట్టే. అందుకే సెల్‌ను 80 డిగ్రీల దగ్గర నడుపుతారు.

అసలు తంటా ఇక్కడే. సెల్ లోపల 80.. మే నెలలో రామగుండం రోడ్డు మీద గాలి 45. తేడా 35 డిగ్రీలే! డీజిల్ ఇంజిన్ వేడి చాలావరకు పొగతో పాటే పోతుంది. ఫ్యూయల్ సెల్‌కు ఆ వెసులుబాటు లేదు, భారమంతా రేడియేటర్ మీదే. లోడు లారీకైతే అది భారీ సైజులో ఉండాలి. అదే సెల్ 160 డిగ్రీల దగ్గర నడిస్తే తేడా 115. చిన్న రేడియేటర్ చాలు. పైగా హైడ్రోజన్‌లో కాస్త కార్బన్ మోనాక్సైడ్ కలిసినా ఇబ్బంది ఉండదు. 80 డిగ్రీల సెల్‌లో అయితే పది లక్షల్లో పది వంతులున్నా ప్లాటినం దెబ్బతింటుంది.

ఆ వేడికి తట్టుకునేది పాలిబెంజిమిడజోల్, పొట్టిగా పీబీఐ. ఫైర్ సిబ్బంది సూట్లలో వాడేది ఈ పాలిమర్‌నే. దీన్ని ఫాస్ఫారిక్ యాసిడ్‌లో నానబెడితే నీళ్లు లేకుండానే ప్రోటాన్లు కదులుతాయి. 1995లోనే అమెరికాలోని కేస్ వెస్టర్న్ రిజర్వ్ యూనివర్సిటీ శాస్త్రవేత్తలు ఇది చూపించారు.

మరి ముప్పై ఏళ్లుగా రోడ్డెక్కలేదేం? యాసిడ్ నిలవదు! బండి ఆపి చల్లారితే లోపల నీరు చేరి యాసిడ్‌ను కడిగేస్తుంది. ఎక్కువ నింపితే పొర మెత్తబడి సాగిపోతుంది. ఇక్కడే కాంపోజిట్ మెంబ్రేన్ వచ్చింది. పాలిమర్‌లో సిలికా, టైటానియా లాంటి నానో రేణువులు కలుపుతారు. అవి యాసిడ్‌ను పట్టుకుంటాయి, పొరకు బలమూ ఇస్తాయి. అయితే పాళ్లు మించితే రేణువులు ఉండకట్టి పొర పెళుసెక్కుతుంది. వంటలో ఉప్పులాంటి వ్యవహారమే.

హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ కెమిస్ట్రీ విభాగంలో పీబీఐ పొరలపై ఏళ్లుగా పరిశోధన సాగుతోంది. మన దగ్గరే ఉన్న ఏఆర్‌సీఐ చెన్నైలో ఫ్యూయల్ సెల్ కేంద్రాన్ని నడుపుతోంది. ఇంకోవైపు, నాఫియాన్ కుటుంబం మొత్తం 'ఫరెవర్ కెమికల్స్' కిందకే వస్తుంది. వాటిపై ఆంక్షలు పెట్టాలని 2023లో ఐదు యూరప్ దేశాలు ప్రతిపాదించాయి. మామూలు పీబీఐలో ఫ్లోరిన్ లేదు కాబట్టి దానికి ఆ బెడద లేదు.

అలాగని రేపే లారీల్లోకి వస్తుందనుకోవద్దు. స్టార్ట్ చేసే ముందు సెల్‌ను వందకు పైగా డిగ్రీలు వేడెక్కించాలి, ప్లాటినం కూడా ఎక్కువే పడుతుంది. ఆపకుండా నడిచే సెల్ టవర్ల జనరేటర్లకైతే ముందు నప్పుతుంది. ఇక ల్యాబ్ నుంచి 'రికార్డు కండక్టివిటీ' వార్త వచ్చినప్పుడు చూడాల్సిన నంబర్ వేరే ఉంది.. ఎన్ని గంటలు నడిచిందని. లారీల కోసం అమెరికా ఇంధన శాఖ 2030కి పెట్టుకున్న లక్ష్యం 25,000 గంటలు.