ద్రాక్షతోటల దారిలో సైకిలు: చక్కెర రోగి వెళ్ళవచ్చునా?

గుంటూరు జిల్లా నుంచి ఒక సోదరి రాసిన ఉత్తరం ఇది.

"డాక్టరుగారూ! మావారికి అరవయ్యొక్క ఏళ్ళు. పన్నెండేళ్ళుగా చక్కెర వ్యాధి ఉంది, రక్తపోటు కూడా ఉంది. రెండింటికీ మాత్రలు వాడుతున్నారు. మా అమ్మాయి, అల్లుడు ఫ్రాన్సులో ఉంటున్నారు. సెప్టెంబరులో మేము వెళ్ళినప్పుడు బర్గండీ అనే చోట ద్రాక్షతోటల మధ్య నాలుగు రోజులు సైకిళ్ళ మీద తిరగాలని అల్లుడు ఏర్పాటు చేశాడు. కార్లూ లారీలూ తిరగని దారి, భయమేమీ లేదంటున్నాడు. ఈయన కాలేజీ రోజుల్లో రోజూ సైకిలు తొక్కేవారట, ఉత్సాహం పట్టలేకుండా ఉన్నారు. అల్లుడి మాట కాదనలేను. నాకేమో సైకిలు రాదు, వెంట వెళ్ళలేను. ఈయన్ని పంపనా, ఆపనా?"

ఆపకండమ్మా. అయితే మీ అల్లుడుగారు చెప్పినదాంట్లో సగమే నిజం. బళ్ళు లేని దారిలో లారీ గుద్దదు, నిజమే. కాని ఎత్తుపల్లాలు ఎక్కడికీ పోవు. పొద్దున వేసుకున్న మాత్ర దాని పని అది చేస్తూనే ఉంటుంది. పైగా మన రోడ్డు మీద మనిషి పడితే నిమిషంలో పదిమంది చేరతారు. తోటల నడుమ పడితే ఏ రైతో ట్రాక్టరు వేసుకుని వచ్చేదాకా చూసేవారుండరు. ప్రశాంతమైన దారికి వెళ్ళేవారు తమ సహాయాన్ని తమ సంచిలోనే తీసుకువెళ్ళాలి.

ముందు దారి సంగతి చెబుతాను. అక్కడ బోన్ అనే ఊరి నుంచి సాంత్నే దాకా ద్రాక్షతోటల మధ్యగా ఒక సైకిలు బాట ఉంది. సుమారు 22 కిలోమీటర్లు. పొమ్మార్, వోల్నే, మెర్సో వంటి ఊళ్ళ మీదుగా పోతుంది. ఆ ఊళ్ళ పేర్లే అక్కడి ద్రాక్షసారాయాల పేర్లు. పెద్ద కొండలు కావు గాని ఎక్కడం, దిగడం తప్పవు. దానికి దక్షిణంగా జివ్రీ నుంచి క్లూనీ వరకు మరో బాట ఉంది, 44 కిలోమీటర్లు. పాత రైలు మార్గాన్ని 1997లో సైకిళ్ళకూ నడిచేవారికీ అప్పగించారు. రైలు నిటారు వాలు ఎక్కలేదు కాబట్టి ఆ బాట కూడా మెల్లగానే ఎక్కుతుంది, మెల్లగానే దిగుతుంది. అందుచేత మొదటి రెండు రోజులూ పాత రైలు బాట మీద తిరిగి, ఒళ్ళు అలవాటు పడ్డాక బోన్ వైపు వెళ్ళమని అల్లుడుగారికి చెప్పండి. ఈ మాట నా మీద పెట్టి చెప్పినా నాకు అభ్యంతరం లేదు.

కొండ గురించి ఇంత పట్టింపు ఎందుకంటారా? నూరు అడుగుల దూరానికి అయిదడుగులు లేచే వాలు కంటికి ఏమంత అనిపించదు. గుండెకు మాత్రం చదునైన రోడ్డు మీద తొక్కేదానికంటే చాలా ఎక్కువ పని. ఎక్కేటప్పుడు ఒక్కటే కొలత పెట్టుకోవాలి: పక్కవారితో ఆగకుండా ఒక పూర్తి వాక్యం మాట్లాడగలగాలి. మాట ముక్కలవుతోందంటే దిగి నడవాలి. ఇందులో నామోషీ ఏమీ లేదు. ఆయన కాలేజీ రోజుల సైకిలుకు గేర్లుండవు. ఎత్తు వస్తే లేచి నిలబడి తొక్కడమే అలవాటు. ఇప్పుడు ఆ పని చేస్తే మోకాళ్ళు నాలుగు రోజులు మూలుగుతాయి. ఎత్తు రాకముందే తేలిక గేరులోకి మార్చుకుని, కూర్చునే చకచకా తొక్కాలి. బాటరీ సైకిలు అద్దెకు దొరికితే ఇంకా మంచిది. అది మనం తొక్కితేనే తోడ్పడుతుంది, గంటకు 25 కిలోమీటర్ల వేగం దాటితే తోడ్పాటు మానేస్తుంది. కాబట్టి వ్యాయామం ఎక్కడికీ పోదు.

బయలుదేరడానికి రెండు నెలల ముందు ఆయన్ని మీ డాక్టరుకు చూపించండి. పన్నెండేళ్ళ చక్కెర, అందులో రక్తపోటు. నేనైతే ట్రెడ్‌మిల్ పరీక్ష చేయించకుండా ఒప్పుకోను. కళ్ళలో చుక్కలు వేయించి కంటిపొర చూపించాలి, పాదాల స్పర్శ చూపించాలి. స్పర్శ తగ్గినవారికి బూటులో రాయి పడినా తెలియదు. అన్నీ బాగుంటే ఆ రెండు నెలలూ తెల్లవారుజామున సైకిలు తొక్కాలి. మన కోస్తా ఊళ్ళలో కొండలెక్కడివి అనకండి, రైల్వే ఓవర్‌బ్రిడ్జి ఉంటుందిగా! మొదట ఒకసారి, నెల తిరిగేసరికి అయిదారుసార్లు ఎక్కి దిగితే చాలు. సీటు ఎత్తు సరిచూసుకోవడం తేలిక: కింది పెడలు మీద మడమ పెడితే కాలు తిన్నగా రావాలి.

ఇక అసలు విషయం. నా దగ్గరకు వచ్చే ఒకాయన, ఈ వయసువారే, మాత్ర వేసుకుని, టిఫిను తినకుండా సైకిలు మీద కాలువగట్టుకు వెళ్ళారు. అక్కడ చెమటలు పట్టి, మాట తడబడి, గట్టు మీద కూలబడిపోయారు. చూసినవారు తాగాడనుకుని తప్పుకుని పోయారు. ఆయన జన్మలో చుక్క ముట్టినవారు కారు. రక్తంలో చక్కెర పడిపోయిన మనిషి అచ్చం తాగినవాడిలాగే ఉంటాడు. మీవారు వెళ్ళేది ద్రాక్షసారా ఊళ్ళకు. అక్కడ రెండు గుక్కలు రుచి చూశారంటే నోటి వాసన కూడా తోడవుతుంది. అప్పుడు ఎవరికి అనుమానం వస్తుంది?

గ్లిమెపిరైడ్, గ్లిబెంక్లమైడ్ జాతి మాత్రలు వాడేవారికీ, ఇన్సులిన్ తీసుకునేవారికీ ఈ ప్రమాదం ఎక్కువ. ఒక్క మెట్‌ఫార్మిన్ మాత్రమే అయితే చాలా తక్కువ. మీవారివి ఏ మాత్రలో మీరు రాయలేదు. చీటీ తీసి చూడండి. తిరిగే రోజుల్లో మోతాదు తగ్గించవలసి రావచ్చు, అది మీ డాక్టరు నిర్ణయించాలి, మీవారు కాదు. రక్తపోటుకు అటెనొలాల్, మెటొప్రొలాల్ వంటివి వాడుతుంటే చక్కెర పడినప్పుడు గుండెదడ, వణుకు తెలియకపోవచ్చు. చెమట మాత్రం పడుతుంది, దాన్నే గుర్తుగా పెట్టుకోవాలి.

తొక్కడానికి ముందు వేలి చుక్కతో పరీక్ష చేసుకోవాలి. 100కు తక్కువుంటే ఏదైనా తిని బయలుదేరాలి. ఫ్రాన్సు పల్లెల్లో ఒక చిక్కుంది. మధ్యాహ్నం రెండు దాటితే చాలా హోటళ్ళలో వంట ఆపేస్తారు, ఆదివారాలు దుకాణాలు కూడా చాలావరకు మూసే ఉంటాయి. మాత్ర వేసుకుని, వచ్చే ఊళ్ళో తిందాంలే అనుకుంటే కుదరదు. రొట్టె, అరటిపళ్ళు, మీరు చేసిన చక్కిలాలు సంచిలో ఉండాలి. జేబులో గ్లూకోజు గాని పంచదార గాని విడిగా ఉండాలి. చెమట, వణుకు, చిరాకు కనిపించగానే సైకిలు ఆపి మూడు నాలుగు చెంచాల పంచదార తినాలి. పావుగంట ఆగి మళ్ళీ పరీక్ష చేసుకోవాలి. చాక్లెట్టు పనికిరాదు, అందులోని కొవ్వు వల్ల చక్కెర ఆలస్యంగా ఎక్కుతుంది. స్పృహ తప్పితే నోట్లో ఏమీ పోయకండి. పక్కకు ఒత్తిగిలించి 112కు ఫోను చేయండి. గుండెల్లో బరువు, దవడలో లేక ఎడమచేతిలో లాగుడు ఉన్నా అదే నంబరు. గ్యాసు అనుకుని కూర్చోవద్దు.

ద్రాక్షసారా మాటేమిటి? లివరు అవసరానికి రక్తంలోకి చక్కెర వదులుతుంది. మద్యం ఆ పనికి అడ్డుపడుతుంది. సైకిలు తొక్కిన శరీరం రాత్రి దాకా చక్కెర లాగుతూనే ఉంటుంది. రెండూ కలిస్తే అర్ధరాత్రి నిద్రలో చక్కెర పడుతుంది. అందుకని అలవాటు లేనివారు మొదలుపెట్టనే వద్దు. మర్యాద కోసమంటారా? రుచి చూసేచోట తమ్మపడిగ లాంటి పాత్ర పెడతారు. నోట్లో పుక్కిలించి ఉమ్మేయడం అక్కడ పెద్దమనుషులు చేసే పనే. ఫ్రాన్సులో తాగి సైకిలు నడపడం కూడా నేరమే.

మరొకటి, చిన్నదే గాని పళ్ళు రాలగొట్టగలదు. మన సైకిళ్ళకు మామూలుగా కుడిచేతి బ్రేకు ముందు చక్రానిది. ఫ్రాన్సులో సాధారణంగా ఎడమచేతిది ముందు చక్రానిది. దిగుడులో పాత అలవాటున ఎడమచేయి గట్టిగా నొక్కితే మనిషి హ్యాండిలు మీదుగా ఎగిరి పడతాడు. మొదటి రోజు ఖాళీ స్థలంలో అరగంట సాధన చేయించమనండి. అక్కడ దారికి కుడివైపున నడపాలన్నదీ గుర్తు చేయమనండి.

సైకిలు రాదని రాశారు. మీ పని ఇంట్లో ఉండే చేయవచ్చు. చక్కెర పరీక్ష మిషను వాడడం ఇప్పుడే నేర్చుకోండి, రాత్రి పడుకోబోయే ముందు మీరే చూడండి. పగలు గంటకోసారి ఆయనకు ఫోను చేయండి. ఎప్పుడూ లేనిది గొంతులో విసుగు వినిపిస్తే, "ముందు పంచదార తినండి, తరువాత పోట్లాడుకుందాం" అనండి.