చప్పుడు చేయు క్రొత్త డిస్కు

కుండ కొనబోయిన ఇల్లాలు దానిని వ్రేలితో కొట్టి, చెవి యొగ్గి, పగులున్నదో లేదో నిశ్చయించుకొని మరి సొమ్ము చెల్లించును. బండి తోలువాడు ఇరుసు కిర్రుమనుట విని చమురు వేయవలసిన దినము వచ్చినదని గ్రహించును. చెవితో పరీక్షించుట మనవారికి క్రొత్త విద్య కాదు. అయినను కంప్యూటరు విషయమున మాత్రము మనలో మిక్కిలి చదివినవారు సయితము ఈపాటి వివేకమును చూపకున్నారు. క్రొత్తగా కొన్న హార్డు డిస్కు చప్పుడు చేసినచో కొందరు "క్రొత్తది గదా, నాలుగు దినములు గడచిన సర్దుకొనును" అని యూరకుందురు. మరికొందరు బెదరిపోయి ఆ సాయంకాలమే దానిని ఊడబెరికి దుకాణమునకు మోసికొనిపోవుదురు. ఈ రెండు తెగలవారును పొరబడుచున్నారని నా యభిప్రాయము. ఊరకుండువారి పొరపాటు పెద్దది, పరుగెత్తువారిది కొంచెము చిన్నది, అంతియే భేదము.

ఇది నాకు పుస్తకములవలన తెలిసిన సంగతి కాదు. మన పాఠశాలలో పాత ప్రవేశ పట్టికలు అనేకము కలవు. ముట్టుకొన్నంతనే వాని పుటలు పెళుసై విరుగును. గత సంవత్సరము పై తరగతుల పిల్లలు కొందరు రెండు నెలల సాయంకాలములు వెచ్చించి, వానిని పుట వెంట పుటగా ఛాయాచిత్రములు తీసి, క్రొత్తగా కొన్న నాలుగు టెరాబైట్ల డిస్కులో చేర్చిరి. పని ముగిసిన మూడవ దినమున ఒక బాలుడు వచ్చి, "అయ్యగారూ, పెట్టెలోనుండి ఎవరో తలుపు తట్టుచున్నట్లున్నదండీ" అనెను. పోయి వింటిని. నిజమే. ఎడతెగని జుమ్మను మ్రోత, దానిపై అయిదు సెకనుల కొకమారు 'డుక్' మను చిన్న దెబ్బ. దుకాణదారుని ఫోనులో అడిగితిమి. క్రొత్తవన్నియు అట్లే యుండునని సెలవిచ్చెను. పిల్లలలో పెద్దవాడు డిస్కు చచ్చిపోవుచున్నదని ప్రకటించెను. ఇరువురిలో ఒక్కరును దానిని పరీక్షించి పలికినవారు కారు. నేనడిగిన ప్రశ్న వేరు: ఈ పుటలకు రెండవ ప్రతి యున్నదా? లేదు. ఫోనులలో చోటు చాలక, డిస్కులోనికి ఎక్కించిన చిత్రములను ఎప్పటికప్పుడు చెరిపివేసిరి.

ఆ రాత్రి మరి యే పరీక్షయు చేయనీయలేదు. మొదట వేరొక డిస్కునకు నకలు తీయించితిని. అది తెల్లవారువరకు సాగెను. చప్పుడునకు కారణము వెదకుట తరువాతి పని. వెదకుచుండగనే డిస్కు ఆగిపోయినచో, కారణము తెలిసియు ఏమి లాభము? హామీ కాలములో దుకాణదారుడు డిస్కునకు బదులు డిస్కు నిచ్చును. అందలి పుటలను ఎవ్వరిత్తురు?

ఇక చప్పుడు సంగతి. డిస్కు లోపల అద్దమువలె నున్న పళ్లెములు నిమిషమునకు 5,400 లేక 7,200 సార్లు తిరుగును. 7,200 అనగా సెకనునకు 120 సార్లు. మనకు వినవచ్చు జుమ్మను నాదము చాలవరకు ఆ తిరుగుడుదే. పళ్లెముపైన కొన్ని నానోమీటర్ల యెత్తున, చదువుటకును వ్రాయుటకును ఉపకరించు చిన్న తల యొకటి తేలుచుండును. మన వెండ్రుక మందము వేలకొలది నానోమీటర్లు గాన, ఆ సందు ఎంతటిదో ఊహించుకొనవచ్చును. పని జరుగునపుడు ఆ తల ఇటునటు పరుగెత్తుటచేత కిటకిట మనుట సహజము. పని లేని వేళ ప్రక్కకు పోయి విశ్రమించునపుడు టిక్కుమనుటయు సహజమే. కొన్ని పెద్ద డిస్కులలో తల ఒకే తావున నిలిచిపోకుండ కొన్ని సెకనుల కొకమారు కదలునట్లు తయారుచేయువారే ఏర్పరచిరి. మమ్ము బెదరించిన 'డుక్' అట్టిదే.

సహజము కానివి వేరు. లయ తప్పక టక్కు టక్కున కొట్టుచుండగా కంప్యూటరు బిగుసుకొనిపోవుట, డిస్కు పేరే కనబడకపోవుట, లోహము గీచినట్లు గరగర మనుట, తిరుగనారంభించి ఆగి మరల ఆరంభించుట: ఇట్టివి విన్నచో అప్పుడే విద్యుత్తు ఆపవలెను. లోపల పళ్లెము గీచుకొనిపోవుచున్నచో, మనము నడిపించు ప్రతి నిమిషమును కొంత సమాచారమును తినివేయును. మూత విప్పి చూతమనువారు కలరు. ఆ సందున ఒక ధూళికణము పర్వతము వంటిది. శీతలపెట్టెలో నుంచినచో బాగగునని చెప్పువారును కలరు. వెలుపలికి తీసినపుడు చెమ్మ పట్టి, మిగిలిన ఆశయు పోవుటకే అది మార్గము.

మా డిస్కు జుమ్మనుటకు కారణము మిక్కిలి స్వల్పమైనది. నాలుగు స్క్రూలు బిగింపవలసినచోట రెండే బిగించిరి. ఇంత చిన్న అదురును రేకు పెట్టె, తంబురాకు బుర్రవలె, పెంచి వినిపించుచుండెను. కంప్యూటరును ఆపి, డిస్కును ఊడదీసి, మడత పెట్టిన గుడ్డపై నుంచి, తీగలు తగిలించి నడిపించితిమి. మ్రోత సగమునకు పైగా తగ్గెను. (తిరుగుచున్న డిస్కును మాత్రము కదల్పరాదు.) స్క్రూలకు రబ్బరు బిళ్లలు వేసి బిగించినపిదప గదిలో మరల పంకా చప్పుడే వినబడెను. తీగ యొకటి పంకా రెక్కకు తగులుచుండగా డిస్కును నిందించినవారిని గూడ నేనెరుగుదును. వెలుపల తగిలించు చిన్న డిస్కు టిక్కు టిక్కు మనుచున్నచో మొదట తీగను మార్చి చూడవలెను, పాత యు.ఎస్.బి. రంధ్రము 500 మిల్లీఆంపియర్లే యిచ్చును, అది చాలక తిరుగలేని డిస్కు రోగిష్ఠివలె కనబడును.

డిస్కు తన స్థితిని తానే వ్రాసికొను పట్టిక యొకటి కలదు. దానికి స్మార్టు అని పేరు. క్రిస్టల్ డిస్క్ ఇన్ఫో వంటి ఉచిత సాధనముతో చదువవచ్చును. అందు 5వ, 197వ అంకెల కెదురుగ సున్న కాక వేరొకటి కనబడి, అది దినదినము పెరుగుచున్నచో డిస్కును మార్చుకొనవలెను. 199వది పెరిగినచో దోషము తరచుగ తీగదే. మా డిస్కున అన్నియు సున్నలే. అయినను ఈ పట్టికనే నమ్మి నిద్రించువారికి ఒక మాట: 2007లో గూగుల్ పరిశోధకులు లక్షకు పైబడిన డిస్కుల చరిత్రను ప్రకటించిరి. చెడిపోయినవానిలో సగమునకు మించినవాటియందు ముఖ్యమైన నాలుగు సూచనలలో ఒక్కటియు ముందుగా కనబడలేదు.

రెండవ డిస్కునకు సొమ్మెక్కడిదని కొందరు పెద్దలు అడిగిరి. ఆ ప్రశ్న న్యాయమైనదే. కాని 1956లో ఐ.బి.ఎం. వారు చేసిన మొదటి డిస్కు యంత్రమున రెండడుగుల పళ్లెములు 50 ఉండినను, నేటి ఫోను తీయు చిత్రములు ఒకటి రెండే అందు పట్టును. అంతటి యంత్రము పోయినను పోవునది అంతయే. నేడు అరచేతి పెట్టెలో ఒక పాఠశాల చరిత్ర యంతయు, ఒక యింటివారి పెండ్లి చిత్రములన్నియు ఇముడుచున్నవి. తలిదండ్రులు పిల్లలకు కంప్యూటరు కొనునపుడు రంగు దీపముల పెట్టెకు వెచ్చించు సొమ్ముతో రెండవ డిస్కును కొనుట మేలు. అది వేరొక యింట నుండుట మరింత మేలు. మన పట్టికల రెండవ ప్రతి ఇప్పుడు వసతిగృహపు బీరువాలో నున్నది.

ఆ వారముననే, కార్యాలయములో ఆరు సంవత్సరములుగ పనిచేయుచుండిన డిస్కు, ఒక్క టిక్కైనను అనక, ఒక యుదయమున లేవలేదు. దానిని గూర్చి ఎవరును నా యొద్దకు పరుగెత్తి రాలేదు. అది చప్పుడు చేయలేదు గదా. గుమాస్తాగారు రసీదు పుస్తకములను ముందు వేసికొని, మూడు సంవత్సరముల ఫీజుల లెక్కలను ఇప్పటికిని మరల ఎక్కించుచునే యున్నారు.