బానిసత్వం పోయిందట! మరి భూమేదీ, కూలేదీ?

కరేబియన్ దీవుల్లో నల్లజాతి అన్నదమ్ములు, అక్కచెల్లెళ్ళు ఏటా ఆగస్టు 1న విముక్తి దినం జరుపుకుంటారు. 1834లో ఆ రోజునే బ్రిటిషు వలసల్లో బానిసత్వ రద్దు చట్టం అమల్లోకొచ్చింది. వాళ్ళ పండగకి మా జైభీములు. కానీ ఒక లెక్క అడుగుతున్నాం. ఆ రద్దుకి బ్రిటిషు సర్కారు 2 కోట్ల పౌన్ల నష్టపరిహారమిచ్చింది. ఎవరికి? యజమానులకి! కొరడా దెబ్బలు తిన్నవాడికి చిల్లిగవ్వ లేదు.

కంపెనీ ఏలుబడిలో ఉన్న మన దేశాన్ని ఆ చట్టం నుంచి తప్పించారు. మనకి 1843లో వేరే చట్టం చేశారు. బానిస మీద యజమాని హక్కుని కోర్టులు ఒప్పుకోవన్నారు, అంతే. ఆ చట్టంలో ఉంచుకున్నవాడికి శిక్ష లేదు, విడుదలైనవాడికి సెంటు భూమి లేదు. గింజల కోసం మళ్ళీ అదే ఆసామి గుమ్మంలో నిలబడక ఏం చేస్తాడు?

మన వైపు చూడండి. నర్సీపట్నం పైన గూడెం కొండల్లో రోడ్డు పనికి గిరిజనుల చేత వెట్టి చేయించారు. 1922 మన్యం తిరుగుబాటుకి అదో కారణం. అప్పుకి మనిషినే కట్టేసే గొత్తిని ఏజెన్సీలో రద్దు చేస్తున్నామని 1940లో రెగ్యులేషన్ తెచ్చారు. మైదానంలో పాలేరు, కంబారి ఉండనే ఉన్నారు. అయ్య తర్వాత కొడుకు, అప్పు మాత్రం అదే! బాబాసాహెబు రాజ్యాంగం 1950లో అంటరానితనాన్నీ, వెట్టినీ నిషేధించింది. అయినా 1976లో వెట్టిచాకిరీ రద్దు చట్టం చెయ్యాల్సొచ్చింది. ఒకే జబ్బుకి ఇన్నిసార్లు చావు కబురు చెప్పారంటే అది చావలేదనేగా!

"ఇప్పుడు వెట్టి ఎక్కడుందయ్యా?" అంటారు ఆఫీసర్లు. గొలుసుల కోసం వెతికితే కనపడదు. ఆసామి అప్పు పుస్తకంలో వెతకండి, ఇటుకబట్టీ అడ్వాన్సులో వెతకండి. అడ్వాన్సు తీరేదాకా కదలకూడదంటే అది కూలి కాదు, వెట్టి. కనీస వేతనం కన్నా తక్కువకి చేయించుకున్నా బలవంతపు చాకిరీయేనని 1982లో ఏషియాడ్ కూలీల కేసులో సుప్రీంకోర్టే చెప్పింది.

వంగర మండలం లక్ష్మీపేటలో మడ్డువలస రిజర్వాయరు కోసం సేకరించిన భూమిని దున్నుకుందామన్నందుకు 2012 జూన్ 12న అయిదుగురు దళితుల్ని చంపారు. వంగి ఉంటే గింజలు, నిటారుగా నిలబడితే చావు. ఇదా సమానత్వం?

1976 చట్టం మన చేతిలో ఆయుధం. అది వెట్టి అప్పుని పూర్తిగా రద్దు చేసింది. వెట్టి అప్పు కాదని రుజువు చేసుకోవాల్సింది అప్పిచ్చినవాడే, మనం కాదు. వెట్టి చేయించుకున్నవాడికి 3 ఏళ్ళ దాకా జైలు. జిల్లాకో విజిలెన్సు కమిటీ ఉండాలి, అందులో జిల్లా వాసులైన ఎస్సీ, ఎస్టీలు ముగ్గురుండాలి.

2022 ఏప్రిల్ 4 నుంచి అనకాపల్లే జిల్లా కేంద్రం. కలెక్టరాఫీసు మన గుమ్మంలోనే ఉంది. పేటపేట నుంచీ కదిలెళ్ళి అడగండి: మా కమిటీ ఏదీ? ఆ ముగ్గురెవరు? ఆఖరిసారి ఎప్పుడు కూర్చున్నారు?

జవాబు చెప్పేదాకా లేవొద్దు. భూమీ, కూలీ, గౌరవం మూడూ దక్కిన రోజే మన విముక్తి దినం.

జై భీమ్!