ఐదుగురి లెక్కలు

పాతబస్తీకి పహిల్వాన్ల కబుర్లు కొత్త కాదు. చార్మినార్ పక్కన ఇరానీ చాయ్ తాగుతూ బాక్సింగ్ గురించి కూడా గొంతులు పెంచుతున్నారంటే, ఆ పుణ్యం నిజామాబాద్ అమ్మాయి నిఖత్ జరీన్‌ది. ఈ సంచిక ఆ వాదనలకే అంకితం.

2019 డిసెంబరులో ఢిల్లీలో జరిగిన ఒలింపిక్ క్వాలిఫయర్ సెలక్షన్ ట్రయల్స్‌లో నిఖత్ 9-1తో మేరీ కోమ్ చేతిలో ఓడింది. బౌట్ అయ్యాక మేరీ చెయ్యి కలపలేదు. జనానికి గుర్తున్నది అదే. మా దృష్టిలో అసలు విషయం వేరు: ఎంత పేరున్నవారికైనా ట్రయల్ పెట్టాల్సిందే, దాన్ని పట్టుబట్టి అడిగిన నిఖత్‌దే న్యాయం.

టోక్యో ఒలింపిక్స్‌లో మేరీకే చేదు మిగిలింది. ఇంగ్రిట్ వాలెన్సియాతో మూడు రౌండ్లలో రెండు గెలిచీ బౌట్ పోగొట్టుకుంది. దగా అన్నారు చాలామంది. కానీ ఐదుగురు జడ్జీలు ఎవరి మొత్తం వారు వేసుకుంటారు. మొదటి రౌండ్ 4-1తో చేజారింది, తర్వాతి రెండూ 3-2తోనే వచ్చాయి. చివరికి 3-2 వాలెన్సియా వైపు తేలింది. లెక్క సరే, మనసు ఒప్పుకోదు.

నిఖత్ దూరం కాపాడుకుంటూ ఆడి 2022, 2023లలో ప్రపంచ టైటిళ్లు గెలిచింది. 2024 పారిస్ ఒలింపిక్స్‌లో చైనా బాక్సర్ వూ యు ముందు ఆ ఎత్తు పారలేదు, 0-5.

ఇక రిటైర్మెంట్. 2024 జనవరిలో మేరీ తప్పుకున్నారని వార్తలొస్తే, ఆమే కాదన్నారు. అయితే నలభై దాటితే అంతర్జాతీయ అమెచ్యూర్ ఎలైట్ రింగులో చోటే లేదు. దీనిపై లోపల రెండు వ్యాసాలున్నాయి. రెండోదానితో నాకు ఏకీభావం లేదు, అయినా వేశాను.