గృహమే కార్యాలయమైనచో

ఉద్యోగమనగా ఉదయమున ఇల్లు విడిచి, సాయంకాలమున మరలి వచ్చుటయని మనము చిరకాలము తలంచితిమి. 2020వ సంవత్సరము మార్చి 25వ తేదీనుండి కోవిడ్ వ్యాధి నిమిత్తము దేశమంతటను రాకపోకలు నిలుపబడగా, ఆ భావము మారెను. హైదరాబాదులోని కంప్యూటరు కంపెనీల యుద్యోగులు పలువురు ఇండ్లనుండియే పనిచేయసాగిరి. వ్యాధి తగ్గినను ఆ పద్ధతి పూర్తిగా పోలేదు. కావున ఇంట పనిచేయువారికి జయము నొసగున దేదియను ప్రశ్న మనకు దూరమైనది కాదు.

శ్రద్ధ యొక్కటి చాలునని కొందరందురు. శ్రద్ధ యావశ్యకమే, కాని యది యొక్కటియే చాలదని మా యభిప్రాయము.

ఇట్టి విషయమున ఊహకంటె పరీక్ష మేలు. చైనా దేశమున సీట్రిప్ అను ప్రయాణముల కంపెనీ 2010వ సంవత్సరాంతమున అట్టి పరీక్ష నారంభించెను. నికొలస్ బ్లూమ్ మొదలగు అర్థశాస్త్రజ్ఞులు దాని ఫలితములను 2015లో ప్రకటించిరి. టెలిఫోనుపై పనిచేయువారిలో ఇష్టపడిన కొందరు వారమునకు 4 దినములు ఇంటినుండియు, 1 దినము కార్యాలయమునందును పనిచేసిరి. 9 మాసములలో వారి పని నూటికి 13 వంతులు హెచ్చెను. అయితే ఇంట ప్రత్యేకమైన గది లేనివారిని ఆ పరీక్షకు తీసికొననేలేదు. పరీక్ష ముగిసిన పిదప వారిలో సుమారు సగముమంది కార్యాలయమునకే మరలిరి. ఒంటరితనము అందులకు ముఖ్యకారణము.

దీనినిబట్టి శ్రద్ధకు తోడుగా నిశ్శబ్దమైన చోటును, తోటివారి సహవాసమును కావలెనని తేలుచున్నది. ప్రత్యేకమైన గది మన యిండ్లలో అందరికిని దొరకదు. అయినను ఒక మూల బల్ల వేసి, పనివేళ పిలువరాదను నియమ మేర్పరచుకొనుట ప్రతి కుటుంబమునకును సాధ్యమే. కుమారుడు తలుపు మూసికొనినచో పనిలో నున్నాడందుము. కోడలు మూసికొనినచో గర్వమందుము. ఆమె కన్నులు కంప్యూటరుపై నున్నను, చెవులు కుక్కరు కూతపై నుండవలసివచ్చుచున్నది. ఇది న్యాయము కాదు. ఈ భేదము తొలగనిదే ఎంత శ్రద్ధగల స్త్రీయైనను తన శక్తినంతయు పనిపై నిలుపజాలదు.

యజమానులకును బాధ్యత గలదు. ఇంటనే యున్నారు గదాయని రాత్రి 10 గంటలకు పని నప్పగింపరాదు. పనిని ఫలమునుబట్టి కొలువవలెను గాని, గడియగడియకు నిఘా వేయరాదు. వారమునకు కొన్ని దినములైనను ఉద్యోగులు ఒకచోట కలిసికొనునట్లు చేయవలెను. అదే కంపెనీలో 1,600 మందికి పైగా ఉద్యోగులతో జరిపిన మరియొక పరీక్ష ఫలితములు 2024లో వెలువడెను. వారమునకు 2 దినములు ఇంట పనిచేయు వీలు గలిగినవారిలో ఉద్యోగము మానుట మూడవవంతు తగ్గెను. వారి పనియు చెడలేదు.

ఉద్యోగియు తన వంతు చేయవలెను. పని యారంభించు వేళవలెనే ముగించు వేళను నిర్ణయించుకొని, ఆ పిదప కుటుంబమున కలియవలెను.

విద్యార్థులారా! మీరు ఇంట చదువుకొను వేళ ఎంత నిశ్శబ్దము కోరుదురో, మీ తల్లియు అక్కయు అంతయే కోరుదురు. వారు పనిలో నుండగా వాకిట ఎవరైన పిలిచినచో, మీరే లేచి వెళ్లుడు.