పర్యావరణ సలహాదారుని ధర్మము

నర్సీపట్నమునకు చేరువనున్న కృష్ణదేవిపేటలో అల్లూరి సీతారామరాజు సమాధి కలదు. అచ్చటికి పోయినవారు ఆ వీరుని ధైర్యమును తలచి నమస్కరింతురు. అది యుక్తమే. కాని ఆ సమాధి వెనుక ఒక చట్టము కథయు కలదు. పర్యావరణమునకు సంబంధించిన ఉద్యోగము కోరు విద్యార్థి దానిని తప్పక తెలిసికొనవలెను.

మన్యపు ప్రజలు తరతరములుగా కొండవాలున చెట్లు నరికి, కాల్చి, ఆ బూడిదలో సామలు, రాగులు చల్లెడివారు. కొన్ని పంటలైన పిమ్మట ఆ నేలను విడిచి వేరొకచోటికి పోయెడివారు. ఇదియే పోడు వ్యవసాయము. 1882లో మద్రాసు అటవీ చట్టము వచ్చెను. పోడునకు కట్టుబాట్లు కలిగెను. తాతల నాటి అడవిలో అడుగిడుటకు సయితము అధికారి అనుమతి కావలసి వచ్చెను. ఆ చట్టమున కొండవాని మాటకు చోటు లేకపోయెను. రహదారి పనులలో వెట్టిచాకిరి దానికి తోడయ్యెను. 1922 ఆగస్టు 22న చింతపల్లి ఠాణాపైని, మరునాడు కృష్ణదేవిపేట ఠాణాపైని దాడి జరిగెను. 1924 మే 7న రాజు ప్రాణములు కోల్పోయెను. అడవులపై ఆధారపడినవారికి చారిత్రకముగా అన్యాయము జరిగెనని 2006 నాటి అటవీ హక్కుల చట్టము ఒప్పుకొనెను. ఆ ఒప్పుకోలునకు 124 ఏండ్లు పట్టెను!

నేడు పర్యావరణ సలహాదారులను వృత్తివారు కలరు. గనిగాని కర్మాగారముగాని ఏర్పడకముందే, దానివలన నీటికి, గాలికి, అడవికి, ప్రజలకు కలుగు మార్పులను పరిశీలించి నివేదిక వ్రాయుట వారి పని. 2006 నాటి కేంద్రప్రభుత్వ ప్రకటన ననుసరించి, పెక్కు పథకములకు ప్రజాభిప్రాయ సేకరణ జరుపవలెను. నివేదిక సారాంశమును స్థానికభాషలో ఈయవలెను. ఇంతవరకు బాగుగనే యున్నది. కాని ఆ నివేదికకు రుసుము చెల్లించువాడు పథకమును తలపెట్టినవాడే!

సొమ్మిచ్చినవాని పని చేయుట తప్పా యని కొందరందురు. తప్పు కాదు. వైద్యునికి రుసుమిచ్చువాడు రోగియే. అయినను రోగి కోరినంతనే జ్వరము లేదని వ్రాయువాడు వైద్యుడు కాడు. సలహాదారుడును అట్టివాడే. రుసుము శ్రమకే గాని అభిప్రాయమునకు కాదు.

ప్రజలపక్షమున నిలిచి చట్టమును ఎరిగి పనిచేసినచో ఫలమేమో మన మన్యమే చూపినది. బొర్రా, అనంతగిరి ప్రాంతపు గనుల విషయమున సమత అను సంస్థ న్యాయస్థానమునకు పోయెను. షెడ్యూలు ప్రాంతములలోని భూములను గనులకై గిరిజనేతరులకు కౌలుకిచ్చు హక్కు ప్రభుత్వమునకును లేదని 1997లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పెను. 1922లో తుపాకులు పలికినచోట 1997లో న్యాయవాదము పలికెను.

కావున ఈ వృత్తిని కోరు విద్యార్థి రసాయనశాస్త్రము, జీవశాస్త్రము, న్యాయశాస్త్రము చదువవలెను. వానితోపాటు కొండయెక్కి, అరుగుపై కూర్చుండి వినుట నేర్వవలెను. ఏ ఊట ఏ నెలలో ఎండునో ఆ యూరి వృద్ధురాలికి తెలియును. ఆమె మాటకు చోటులేని నివేదిక ఎన్ని పుటలున్నను అసంపూర్ణమే.